మోకాలి స్కాన్‌కు ముందు ఒక ప్రశ్న రాయించుకోండి

కూచిపూడి నాట్యం నేర్చుకునే పిల్లలకు మోకాలి నొప్పి కొత్తేమీ కాదు. అరమండిలో నిలిచి, ఒట్టి పాదాలతో గచ్చు మీద గంటల తరబడి అడుగులు వేస్తే మోకాళ్లు, మడమలు, చీలమండలు ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తాయి. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడితే ఒంటి బరువంతా పాదాలదే. 2016 డిసెంబరులో విజయవాడలో ఆరు వేల మందికి పైగా నర్తకులు ఒకేసారి అడుగు కలిపి గిన్నిస్ రికార్డు సాధించారు. మొవ్వ మండలంలోని ఒక ఊరి విద్య ఇప్పుడు ఎన్ని ఇళ్లకు చేరిందో దీన్నిబట్టే తెలుస్తుంది. దాంతోపాటే ఆ నొప్పులూ చేరాయి.

నొప్పి అనగానే కొన్ని ఇళ్లలో ‘సాధనలో ఇవన్నీ మామూలే’ అని తైలం రాసి ఊరుకుంటారు. మరికొన్ని ఇళ్లలో తిన్నగా బెజవాడ తీసుకెళ్లి ఎమ్మారై తీయించేస్తారు. ఈ రెండింటికీ మధ్య చవకైన, తేలికైన దారి ఒకటుంది. అదే కండరాలు, కీళ్లకు చేసే అల్ట్రాసౌండ్. అయితే ఏం వెతకాలో తెలిసి చేస్తేనే అది పనికొస్తుందని నా అభిప్రాయం.

స్కానింగ్ అంటే మనకు ముందు గుర్తొచ్చేది గర్భిణుల పరీక్షే. సెంటర్‌లో అడుగుపెట్టగానే లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు కనిపిస్తుంది. ఆ చట్టం 1994 నాటిది. అందుకే పెళ్లికాని పిల్లకు స్కానింగ్ రాస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. అదే రకం యంత్రంతో మోకాలినీ, భుజాన్నీ కూడా చూస్తారు. మోకాలి వెనక వచ్చే నీటితిత్తిని అల్ట్రాసౌండ్‌తో గుర్తించవచ్చని వైద్యులు 1972లోనే రాశారు. ఇందులో రేడియేషన్ ఉండదు కాబట్టి పిల్లలకు చేయించడానికి జంకనక్కర్లేదు.

వెళ్లాక ఏం జరుగుతుంది? కీళ్ల స్కాన్‌కు పరగడుపున వెళ్లనక్కర్లేదు, నీళ్లు తాగి మూత్రం ఆపుకోనక్కర్లేదు. మోకాలి పైకి తేలిగ్గా జరిగే వదులు దుస్తులు వేసుకుంటే చాలు. చల్లటి జెల్ రాసి, ప్రోబ్‌ను చర్మం మీద ఆనించి కదుపుతారు. ‘ఎక్కడ నొప్పి? వేలితో చూపించు’ అని అడుగుతారు. కాలు ముడవమంటారు, చాపమంటారు. బాగున్న రెండో కాలునూ చూసి పోల్చుకుంటారు. మామూలుగా పావుగంట నుంచి అరగంటలో అయిపోతుంది. కీలు కదులుతుండగానే లోపలి టెండన్ ఎలా జారుతోందో చూడగలగడం ఈ పరీక్ష ప్రత్యేకత. మామూలు ఎక్స్‌రేకూ ఎమ్మారైకీ ఆ సౌలభ్యం లేదు.

చర్మానికి దగ్గరగా ఉన్నవన్నీ ఇందులో బాగా కనిపిస్తాయి. మోకాలి చిప్ప కింది టెండన్ వాపు, చీలమండ లిగమెంటు చిరగడం, కీలులో నీరు చేరడం వంటివి తెలుస్తాయి. అరికాలి పొర సాధారణంగా 4 మిల్లీమీటర్లు దాటదు. మడమ నొప్పి ఉన్నవారిలో అది ఎంత మందమెక్కిందో కొలిచి చెప్పవచ్చు. కానీ ధ్వని తరంగాలు ఎముకను దాటి పోలేవు. ఎముక లోపలి సన్నటి పగుళ్లు, మోకాలి మధ్యలో ఉండే లిగమెంట్లు, లోతుగా ఉన్న మృదులాస్థి దీనికి సరిగా అందవు. వాటికి ఎక్స్‌రే, ఎమ్మారై కావాల్సిందే.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. చీటీ మీద ‘మోకాలి స్కాన్’ అని రెండు ముక్కలే ఉంటే, చేసే డాక్టరు దేని కోసం వెతకాలి? ఈ పరీక్షలో యంత్రం ఎంత ముఖ్యమో దాన్ని పట్టుకున్న చెయ్యీ అంతే ముఖ్యం. ‘14 ఏళ్ల అమ్మాయి, నాట్యం చేస్తుంది, దూకి దిగినప్పుడు చిప్ప కింద నొప్పి, టెండన్ దెబ్బతిందా?’ అని రాసి ఉంటే జవాబు కూడా సూటిగా వస్తుంది. ఆ ప్రశ్న పుట్టాలంటే ముందు డాక్టరు కాలును చేత్తో పట్టి చూడాలి. ఎదిగే పిల్లల్లో చిప్ప కింది ఎముక ఉబ్బి నొప్పి పుట్టే సమస్య చాలావరకు ఆ చేతి పరీక్షలోనే తెలిసిపోతుంది, స్కాన్ అవసరమే పడకపోవచ్చు.

రిపోర్టు చదవడంలోనూ రెండు పొరపాట్లు చేస్తుంటాం. రిపోర్టు నార్మల్ అని రాగానే ‘చూశావా, ఏమీ లేదు, క్లాసు ఎగ్గొట్టాలని వేషాలు’ అని పిల్లను కోప్పడతాం. చిప్ప చుట్టూ వచ్చే నొప్పి పిల్లల్లో, యువతలో చాలా ఎక్కువ. అందులో స్కాన్ నార్మల్‌గా ఉండటం మామూలే. నొప్పి మాత్రం నిజం. కొన్ని వారాలు సాధన తగ్గించి, తొడ, తుంటి కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు చేయిస్తే చాలామందికి తగ్గుతుంది. ఆ పిల్లను నమ్మకపోతే నొప్పితోనే గజ్జె కడుతుంది, లేదా నాట్యమే మానేస్తుంది.

రెండోది దీనికి తిరగబడ్డ పొరపాటు. అమ్మమ్మ భుజం స్కాన్‌లో ‘టెండన్ చిరిగింది’ అన్న మాట కనబడగానే ఆపరేషన్ అని కంగారుపడతాం. వయసు పైబడినవారిలో ఏ నొప్పీ లేని భుజాల్లోనూ ఇలాంటి చిరుగులు కనిపిస్తుంటాయి. వైద్యం చేయాల్సింది మనిషికి. రిపోర్టు అందుకు సాక్ష్యం మాత్రమే.

కాబట్టి స్కాన్ రాసిన డాక్టరును మూడు మాటలు అడగండి. దీంతో ఏం తేల్చుకోవాలనుకుంటున్నారు? ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుందా? ఆ ప్రశ్నను చీటీ మీద రాసిస్తారా? కీళ్ల స్కాన్లు తరచూ చేసే డాక్టరు ఎవరో కూడా కనుక్కోండి. ఒక్క జాగ్రత్త: కీలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, కాలు కింద మోపలేకపోయినా స్కాన్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడవద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.