ఎవరూ రాలేని విందుకు ఆహ్వానం

దసరా సెలవుల తేదీలు మీ ఫోన్లకు చేరిన సాయంత్రమే నాకు ఏడెనిమిది మెసేజ్‌లు వచ్చాయి. "సార్, ఈ సెలవులకు వర్క్‌షీట్లు ఏమైనా ఇస్తారా?" అని. మీ కంగారు నాకు అర్థమవుతుంది. నేనూ తొమ్మిదో తరగతి అబ్బాయికి తండ్రినే. అయినా ఈసారి నా సైన్స్ సబ్జెక్టులో వర్క్‌షీట్లు పంపడం లేదు. ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని కాస్త దూరం, అంటార్కిటికా దాకా తీసుకెళ్లాలి.

ధ్రువాల దగ్గర ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి అని క్లాసులో ఒక్క వాక్యంలో చెప్పి దాటేస్తాం. ఆ రాత్రిలో మనుషులు ఉద్యోగాలు చేస్తున్నారని చెప్పం. సరిగ్గా దక్షిణ ధ్రువం మీద ఉన్న అమెరికా వారి అముండ్సెన్-స్కాట్ స్టేషన్ నుంచి ఫిబ్రవరి మధ్యలో ఆఖరి విమానం వెళ్లిపోతే, మామూలుగా మళ్లీ విమానం వచ్చేది అక్టోబరు చివర్లోనే. 1982 జూన్‌లో అక్కడ మైనస్ 82.8 డిగ్రీల చలి నమోదైంది. ఆ ఖండంలో మనకూ రెండు స్టేషన్లు నడుస్తున్నాయి. మైత్రి 1989 నుంచి, భారతి 2012 నుంచి. చలికాలంలో మైత్రిలో ఉండిపోయేవారికి సుమారు రెండు నెలలు సూర్యుడే కనిపించడు.

అలాంటి చోట అన్నిటికన్నా పెద్ద పండుగ ఏదనుకుంటున్నారు? క్రిస్మస్ కాదు. డిసెంబరు అక్కడ ఎండాకాలం, పని ముమ్మరంగా సాగే రోజులు. అసలు పండుగ జూన్ 21న వచ్చే మిడ్‌వింటర్, అంటే చీకటి సగం గడిచిన రోజు. ఏ మతానికీ చెందని ఈ పండుగను అన్ని దేశాల వారూ చేసుకుంటారు. స్టేషన్ల మధ్య శుభాకాంక్షల కార్డులు తిరుగుతాయి. కొన్నింటిలో విందుకు రమ్మని ఆహ్వానం కూడా ఉంటుంది. మైత్రి నుంచి భారతికే దాదాపు 3,000 కిలోమీటర్లు. ఎవరూ రాలేరని పిలిచేవారికీ తెలుసు, పిలుపు అందినవారికీ తెలుసు. అయినా పిలుస్తారు. (పక్క వీధిలో ఉన్న చుట్టాలను కూడా మనం వాట్సాప్ కార్డుతో సరిపెట్టేస్తున్నాం. ఆ సంగతి మరోసారి.)

నాకు బాగా నచ్చినది బ్రిటిష్ స్టేషన్లలోని ఆనవాయితీ. చీటీలు తీస్తారు. ఎవరి పేరు వస్తే వారికి తన చేతులతో ఒక కానుక తయారుచేయాలి. కొనడానికి దుకాణం ఎక్కడుంది? ఉన్న చెక్కముక్కలు, లోహపు తుక్కుతోనే చేయాలి. అందుకే పండుగకు వారాల ముందే పని మొదలవుతుంది. 1911లో కెప్టెన్ స్కాట్ బృందం కేప్ ఇవాన్స్ దగ్గరి చెక్క ఇంట్లో మిడ్‌వింటర్ జరుపుకున్నప్పుడు, బవర్స్ అనే సభ్యుడు వెదురు బద్దలు, ఒక స్కీ కర్ర తీసుకుని, కొమ్మల చివర ఈకలు కట్టి క్రిస్మస్ చెట్టు చేశాడు. చెట్టన్నదే మొలవని నేల మీద!

వీళ్లేమీ పనిలేనివాళ్లు కాదు. బ్రిటిష్ వారి హ్యాలీ స్టేషన్‌లో 1956 నుంచి ఓజోన్ కొలతలు తీస్తూ వచ్చారు. ఏళ్ల తరబడి అదే పని, అవే అంకెలు. ఆ విసుగు పుట్టించే అంకెల్లోంచే 1985లో ఓజోన్ రంధ్రం సంగతి లోకానికి తెలిసింది. రెండేళ్లకల్లా మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన పిల్లలు పరీక్షలో రెండు మార్కులకు రాసే జవాబు వెనక ఇంత ఓపిక ఉంది. అంత ఓపికగా పనిచేసేవాళ్లే పండుగను మాత్రం వదులుకోలేదు.

వాళ్లకూ మన పిల్లలకూ పోలికేమిటని మీరు అడగవచ్చు. పూర్తిగా కుదరదు, నిజమే. కానీ ఉదయం ఆరున్నరకు బస్సెక్కి, స్టడీ అవర్స్ ముగించుకుని రాత్రి ఏడింటికి ఇల్లు చేరే పదో తరగతి అమ్మాయిని ఒకసారి అడిగాను, చివరిసారి ఎండలో ఎప్పుడు నిలబడ్డావమ్మా అని. "ఆదివారం, సార్" అంది. ఇందులో స్కూళ్ల వంతు కూడా ఉంది. తప్పు మీ ఒక్కరిదే అనను.

"సెలవులిస్తే రోజంతా ఫోనే కదా" అంటారు మీరు. ఒప్పుకుంటాను. కానీ పండుగలో వాళ్లకు మనం ఏం పని మిగిల్చాం? బట్టలు మనం కొంటాం, పిండివంటలు ఆర్డర్ పెడతాం, వాళ్లు తిని కూర్చుంటారు. ఆ స్టేషన్లలో అతిథులంటూ ఎవరూ ఉండరు. గదులు ఊడవడం, గిన్నెలు కడగడం శాస్త్రవేత్తకైనా వంతుల ప్రకారం తప్పదు.

కాబట్టి ఈ దసరాకు మీ పిల్లలకు ఒక్క పని పూర్తిగా అప్పగించండి. బొమ్మల కొలువుకు మెట్లు కట్టడమో, బతుకమ్మకు తంగేడు పూలు తెచ్చి పేర్చడమో, తాతయ్యకు చేత్తో ఏదైనా చేసివ్వడమో. వంకరగా వచ్చినా సరిచేయకండి. స్కూలు తెరిచిన రోజు మొదటి పీరియడ్‌లో నేను అడగబోయేది దాని గురించే.

మా ఇంట్లో ఈసారి చీటీలు వేశాం. మావాడికి వాళ్ల నానమ్మ పేరు వచ్చింది. మేడ మీద గది తలుపు వేసుకుని ఏదో కొడుతున్నాడు. నన్ను లోపలికి రానివ్వడం లేదు.