వెదకు అధికారమునకు హద్దులు చూచువారెవరు?

పెద్ద సంస్థలో పనిచేయు ఉద్యోగి ఉదయమున వ్రాసిన ఉత్తరమును, మధ్యాహ్నము సహోద్యోగితో నెరపిన సంభాషణయు, సాయంకాలము భద్రపరచుకొనిన పత్రమును నేడు ఒక్క కేంద్ర భాండారమునకే చేరుచున్నవి. వ్యాజ్యము దాఖలైనప్పుడో, అంతర్విచారణ యేర్పడినప్పుడో ఆ భాండారమును వెదకి, చదివి, కావలసినదానిని వెలికితీయు అధికారము కొలదిమందికి ఒసగబడును. మైక్రోసాఫ్ట్ 365 వాడు కార్యాలయములలో ఈ పనికి ఈ-డిస్కవరీ యని పేరు. ఎవరు ఎవరి ఉత్తరములను వెదకవచ్చునో నిర్ణయించు నియమములకు కంప్లయన్స్ సెక్యూరిటీ ఫిల్టరులని పేరు. ఉద్యోగి ఆంతరంగికతకు ఇంతటి కాపుదలయైన యీ నియమములను నియతకాలమున తీసి చదువుట నిర్వాహకుని తీరికకు విడువదగినది కాదనియు, సంస్థ దానిని విధిగా నేర్పరుపవలెననియు నా దృఢాభిప్రాయము.

ఫిల్టరు స్వరూపము సరళమైనది. దానికొక పేరు, అది వర్తించు వ్యక్తుల జాబితా, వారు చూడదగిన మెయిలుబాక్సులను గుర్తించు షరతు, ఏ చర్యకు వర్తించునో తెలుపు మాట: ఇంతే. హైదరాబాదునందును కెనడాయందును శాఖలు గల సంస్థ, ఇక్కడి విచారణాధికారి ఇక్కడివారి ఉత్తరములనే చూడవలెనని తలచినచో, భారతదేశ సంకేతమైన 356 గల మెయిలుబాక్సులు మాత్రమే యని షరతు వ్రాయును. అన్వేషణ జరిగినప్పుడెల్ల ఆ షరతు దానికి జోడింపబడును. హద్దునకు ఆవలి ఉత్తరము ఫలితములలోనికే రాదు.

ఇట్టి నియమములను రచించుటకును చూచుటకును పవర్‌షెల్ సాధనమే ఆధారము. జెఫ్రీ స్నోవరు 2002లో వ్రాసిన మోనాడ్ మ్యానిఫెస్టో భావములనుండి రూపొంది 2006లో వెలువడిన యీ సాధనమున ఆజ్ఞ క్రియాపదముతో మొదలై నామపదముతో ముగియును. కనెక్ట్-ఐపీపీఎస్‌సెషన్ అను ఆజ్ఞచే లోపలికి ప్రవేశించి, గెట్-కంప్లయన్స్‌సెక్యూరిటీఫిల్టర్ అని టైపు చేసి, దాని వెంట ఫార్మాట్-లిస్ట్ చేర్చినచో ఒక్కొక్క ఫిల్టరు వివరములును తెరపై నిలువుగా పరచుకొనును. గెట్ అను క్రియతో మొదలగు ఈ ఆజ్ఞ ఉన్నదానిని చూపునేగాని దేనిని మార్చదు. కావున లీగల్ విభాగపు ప్రతినిధిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని నడుపుటకు నిర్వాహకుడు జంకవలసిన పని లేదు.

ఈ జాబితాను చదువునప్పుడు మిక్కిలి శ్రద్ధతో గమనింపవలసినది అందు కానరాని పేరు. ఏ ఫిల్టరులోను చేర్చబడని ఈ-డిస్కవరీ మేనేజరు, అనగా వెదకు అధికారము గలవాడు, ఏమియు చూడజాలడని సామాన్యముగా తలంచుదురు. జరుగునది దానికి పూర్ణముగా విరుద్ధము. ఫిల్టరు లేనివానికి ఫిల్టరు హద్దు లేదు. సంస్థయందలి మెయిలుబాక్సులన్నియు అతని అన్వేషణకు తెరచియే యుండును. ఆజ్ఞ నడిచిన పిమ్మట ఒక్క పంక్తియైన రాక తెర వట్టిగా నిలిచినచో, అనుభవము చాలనివాడు దోషమేమియు లేదని సంతసించి లేచిపోవును. అదే క్షణమున ఆ కార్యాలయమున ప్రతి మేనేజరు చేతిలోను సర్వాన్వేషణాధికారము ఉన్నదన్నమాట. అందుచేత గెట్-రోల్‌గ్రూప్‌మెంబర్ అను ఆజ్ఞతో మేనేజరుల జాబితాను వేరుగా రప్పించి, రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి, పేరు పేరున సరిచూడవలెను. ఈ రెండవ పని లేని మొదటి పని నిష్ఫలమని నేను నమ్ముదును.

షరతులకు మరియొక దౌర్బల్యము కలదు. అవి డైరెక్టరీలో ఉద్యోగి పేరునకు ఎదుట వ్రాసిన శాఖను, దేశమును నమ్ముకొని నిలిచియుండును. ఉద్యోగి శాఖ మారినను ఆ గడి మారకపోయినచో, పాత శాఖ విచారణాధికారి చూపు అతనిపై నట్లే నిలిచియుండును. అయినను ఫిల్టరులో ఒక్క అక్షరమును తప్పు కానరాదు.

చట్టదృష్టితో చూచినను ఈ జాగ్రత్త అవసరమే. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఆంతరంగికతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ఉద్యోగ ప్రయోజనముల కొరకును యజమానిని నష్టమునుండి కాపాడుట కొరకును ఉద్యోగి సమాచారమును వినియోగింప ననుమతించుచునే, రక్షణోపాయములు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్దేశించినది. వెదకుటకు కారణము న్యాయమైనదైనను, వెదకువాని హద్దును ఎవరును పరిశీలింపని సంస్థ తాను రక్షణోపాయము చేసితినని ఏ ముఖముతో చెప్పగలదు?

ఇట్టి పరిశీలనవలన విచారణల గోప్యత చెడునని కొందరు ఆక్షేపింతురు. ఫిల్టరు జాబితాలో కానవచ్చునది అధికారపు పొలిమేర మాత్రమే. ఏ మాటలతో వెదకిరో, ఎవరిని అనుమానించిరో అందుండదు. పూర్వము గ్రామకరణము వ్రాసిన లెక్కలను ఏటేట జమాబందిలో పై యధికారి పరిశీలించెడివాడు. కరణము నిజాయితీపరుడైనను ఆ పరిశీలన ఆగెడిది కాదు. మాదాపూరునందును గచ్చిబౌలియందును రాత్రులు మేలుకొని దూరదేశపు సంస్థల పాలనాభారము వహించు మన యువతీయువకులకు ఇట్టి పరిశీలన అవమానము కాదు, రక్షణ. రేపు ఎవని ఉత్తరమో బయటపడినప్పుడు మొదటి అనుమానము వారిమీదనే కదా వ్రాలునది!

మూడు నెలలకొక పర్యాయము రెండు జాబితాలను తీసి, వెనుకటివానితో పోల్చి, నిర్వాహకుడు కాని యొకరు సంతకము చేసి దస్త్రమున నుంచుటకు పట్టు కాలము స్వల్పము. ఎక్స్చేంజి పబ్లిక్ ఫోల్డరులకు ఈ ఫిల్టరులు వర్తింపవు గనుక, అందేమేమి నిలువయున్నదో వేరుగా కనుగొని, ఆ వివరమును అదే దస్త్రమున చేర్పవలెను.