ఫైరింగ్ రేంజ్‌లో చెవికి రక్షణ కల్పించాలని వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల హోం శాఖ ఉన్నతాధికారులకు, ఇరు రాష్ట్రాల పోలీసు డైరెక్టర్ జనరల్‌లకు, సికింద్రాబాద్‌లోని ఎన్‌సీసీ డైరెక్టరేట్ వారికి సమర్పించుకుంటున్న వినతి.

విషయం: తుపాకీ శిక్షణలో సిబ్బందికి, క్యాడెట్లకు వినికిడి రక్షణను తప్పనిసరి చేయడం, చెవిలో హోరును సర్వీసులో తగిలిన గాయంగా నమోదు చేయడం.

అయ్యా, అమ్మా,

పోలీసు ఉద్యోగంలో చేరిన కానిస్టేబుళ్లు శిక్షణ కాలంలోనే తుపాకీ పేల్చడం నేర్చుకుంటారు. ఆ తర్వాత కూడా సర్వీసు పొడుగునా ఫైరింగ్ ప్రాక్టీసు ఉంటూనే ఉంటుంది. యూసుఫ్‌గూడ, మామునూరు మొదలుకొని మంగళగిరి, చింతలవలస దాకా బెటాలియన్లలో పనిచేసేవారికి, జిల్లాల్లోని ఆర్మ్‌డ్ రిజర్వు సిబ్బందికి తుపాకీతో పని మరింత ఎక్కువ. ఆ ప్రాక్టీసులో చెవికి జరిగే నష్టం గురించి ఈ వినతి. నేను ముఖ్యంగా మనవి చేసుకునేది ఒక్కటే. రేంజ్‌లో చెవిని కాపాడుకునే పనిని ఎవరి ఇష్టానికి వారికి వదిలేయకూడదు. కాల్పులు ముగిశాక ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో చూడటం ఎలా డ్రిల్లులో భాగమో, కాల్పులకు ముందు చెవి మూసుకున్నారో లేదో చూడటమూ అలాగే డ్రిల్లులో భాగం కావాలి. ఈ గాయానికి నెత్తురు రాదు, తగిలిన రోజున చాలామందికి తెలియను కూడా తెలియదు. తెలిసేనాటికి నయం చేసే మందు దొరకదు.

దీపావళి టపాసుల విషయంలో మన ప్రభుత్వం ఎంత కచ్చితంగా లెక్క కట్టిందో ఒకసారి చూడండి. పేలిన చోటికి నాలుగు మీటర్ల దూరంలో కొలిచినప్పుడు 145 డెసిబెళ్ల పీక్ దాటే టపాసును తయారుచేయడం, అమ్మడం, కాల్చడం 1999 నుంచి నిషేధం. ఇన్సాస్, ఎస్‌ఎల్‌ఆర్, ఏకే-47 లాంటి రైఫిళ్లు గానీ, 9 ఎంఎం పిస్టల్ గానీ కాల్చేవారి చెవి దగ్గర 150 డెసిబెళ్లకు తగ్గవు. 160 దాకా వెళ్లడం మామూలే. డెసిబెళ్ల లెక్కలో 15 ఎక్కువైతే శబ్దశక్తి ముప్పై రెట్లకు పైగా పెరిగినట్టు. పైగా ఇక్కడ దూరం నాలుగు మీటర్లు కూడా కాదు, చెయ్యి చాచినంత. ఫ్యాక్టరీ కార్మికుల కోసం రాసిన నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్ల హద్దు, క్షణకాలపు మోతలకు 140 డెసిబెళ్ల హద్దు ఉన్నాయి. శబ్దం వల్ల వచ్చే చెవుడును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో వృత్తివ్యాధిగా చేర్చారు. పండుగపూట పిల్లవాడి చెవికీ, మిల్లులో కార్మికుడి చెవికీ హద్దు గీసిన ప్రభుత్వం తాను తుపాకీ చేతికిచ్చి పేల్చమన్న మనిషి చెవికి కూడా ఆ హద్దు గీయాలని కోరడం న్యాయమే కదా.

ఏడాదికి కాల్చేదే కొద్ది రౌండ్లు, దానికి ఇంత హడావుడి ఎందుకని అడగవచ్చు. ఫైరింగ్ లైన్ మీద లెక్క అలా ఉండదు. ఒక డిటైల్‌లో, అంటే ఒకేసారి కాల్చే జట్టులో, పదిమంది పక్కపక్కనే పడుకొని తలా పది రౌండ్లు కాల్చారనుకుందాం. ఒక్కొక్కరు కాల్చింది పదే, చెవిన పడింది వంద. పక్కవాడి బారెల్ కొస నుంచి పక్కకు కొట్టే పేలుడు కొన్నిసార్లు సొంత తుపాకీ మోత కన్నా గట్టిగా తగులుతుంది. ఆ వెనకే నిలబడి ఆదేశాలిచ్చే ఇన్‌స్ట్రక్టర్ అలాంటివి ఇరవై డిటైళ్లు నడిపితే ఆ ఒక్క పూటలో రెండు వేల పేలుళ్లు వింటాడు. తుపాకుల మరమ్మతు చూసే ఆర్మరర్ పరిస్థితీ అంతే. ఫైరింగ్ పాయింటు మీద రేకుల కప్పో, చుట్టూ కాంక్రీటు గోడలో ఉంటే ప్రతి మోతా ప్రతిధ్వనితో కలిసి మళ్లీ చెవిలోకే వస్తుంది. ఇక, 140 డెసిబెళ్లు దాటిన పేలుడు ఒక్కటి చాలు చెవిని శాశ్వతంగా దెబ్బతీయడానికి. తక్కువ రౌండ్లు అన్న మాట అందుకే ధీమా ఇవ్వదు.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చి మెదడుకు పంపడంలో ఇవే కీలకం. గాలివానకు ఒరిగిన వరిపైరు మళ్లీ లేవవచ్చు గానీ మొదలు విరిగితే లేవదు. ఈ కణాల సంగతీ అంతే. పక్షుల చెవిలో చచ్చిన రోమకణాల స్థానంలో కొత్తవి పుడతాయి, మనిషి చెవిలో పుట్టవు. పెద్ద శబ్దం వస్తే మధ్యచెవిలోని చిన్న కండరాలు బిగుసుకొని కొంత అడ్డుకుంటాయి. కానీ వాటికి పట్టే వ్యవధి తుపాకీ పేలుడుకు పట్టే వ్యవధికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అవి కదిలేలోపే దెబ్బ తగిలిపోతుంది. కుడిచేతి వాటం వారు బట్‌ను కుడిభుజానికి ఆనించి చెంప వాల్చినప్పుడు ఎడమ చెవి బారెల్ కొసవైపు తిరుగుతుంది, కుడి చెవి తల చాటున ఉంటుంది. రైఫిల్ కాల్చేవారిలో ఎడమ చెవి ఎక్కువగా దెబ్బతినడానికి కారణం ఇదే.

కాల్పులయ్యాక చెవులు గింగురుమని, మర్నాటికి సర్దుకుంటే ఏమీ కాలేదని అందరూ అనుకుంటారు. 2009లో అమెరికాలో కుజావా, లిబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు చిట్టెలుకలపై చేసిన పరిశోధన ఈ నమ్మకాన్ని కుదిపేసింది. పెద్ద శబ్దం విన్న చిట్టెలుకల వినికిడి కొద్ది వారాల్లో పరీక్షకు అందినంత మేర మామూలైపోయింది, కానీ రోమకణాలకూ నాడికీ మధ్య ఉండే అనుసంధానాలు సగం దాకా శాశ్వతంగా పోయాయి. చెవికి అలవాటైపోతుందిలే అని సీనియర్లు ధైర్యం చెప్పడం మంచి మనసుతోనే. అయితే మోత మునుపటిలా బాధించడం లేదంటే చెవి గట్టిపడినట్టు కాదు, కొంత వినికిడి పోయినట్టు.

ఆ నష్టం వెంట వచ్చేదే చెవిలో హోరు, డాక్టర్లు టిన్నిటస్ అంటారు. బయట ఏ శబ్దమూ లేకపోయినా లోపల కీచురాయి అరిచినట్టో, ఈల వేసినట్టో, ప్రెజర్ కుక్కర్ ఆవిరి కక్కినట్టో రాత్రింబవళ్లు వినిపిస్తుంది. పగలు ట్రాఫిక్ రొదలో మరుగున పడి, రాత్రి సెంట్రీ డ్యూటీలో, నిద్రకు పక్క మీద ఒరిగినప్పుడు పైకి లేస్తుంది. నిద్ర చెడితే చిరాకు, చిరాకు వల్ల ఇంట్లో మాటామాటా, మర్నాడు డ్యూటీలో ధ్యాస తప్పడం. దీన్ని పూర్తిగా పోగొట్టే మాత్ర ఇప్పటివరకు లేదు. ఉందని చెప్పి అమ్మేవారు మాత్రం చాలామంది ఉన్నారు. నిజంగా మేలు చేసేవి వేరే ఉన్నాయి. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రం, పూర్తి నిశ్శబ్దంలో ఉండకుండా ఫ్యానో రేడియోనో సన్నగా పెట్టుకోవడం, హోరు మీదికి పోయే దృష్టిని మళ్లించడం నేర్పే కౌన్సెలింగ్, మళ్లీ పెద్ద మోతల జోలికి పోకపోవడం. ఇవన్నీ హోరుతో కలిసి బతకడానికి సాయపడతాయి, హోరును తుడిచిపెట్టవు.

తుపాకీ మోత వల్ల మొదట దెబ్బతినేది 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య వినికిడి. మనం మాట్లాడే భాషలో స, ష, త, చ లాంటి హల్లుల స్పష్టత చాలావరకు ఆ పరిధిలోనే ఉంటుంది. అందుకే మనిషి గొంతు వినిపిస్తుంది, మాట అర్థం కాదు. వైర్‌లెస్ సెట్లో వచ్చిన ఆదేశాన్ని రెండోసారి అడగాల్సి వస్తుంది. స్టేషన్‌కు వచ్చి తల వంచుకొని మెల్లగా తన కష్టం చెప్పుకునే ఆడకూతురి ఫిర్యాదులో సగం మాటలు జారిపోతాయి. ఇది పోలీసు ఒక్కడి బాధ అని అనుకోకండి. వినలేని పోలీసు దగ్గరికి వచ్చిన పౌరుడికీ అన్యాయమే జరుగుతుంది.

ఇంత నష్టం జరుగుతుంటే సిబ్బందే ఎందుకు అడగరు? వయసులో ఉన్న కానిస్టేబులుకు చెవి నొప్పి పుట్టదు కాబట్టి అడగడు. వయసు మళ్లిన హెడ్ కానిస్టేబులు వైద్యపరీక్షలో అన్‌ఫిట్ అంటారేమో, ప్రమోషన్ ఆగుతుందేమో అని అడగడు. తోటివారు పిరికివాడు అనుకుంటారేమోనన్న మొహమాటం ఇద్దరికీ ఉంటుంది. కాస్త దూది దోపుకొని సరిపెట్టుకునేవారు ఉన్నారు. దూది ఆపేది అయిదారు డెసిబెళ్లు, 160లో అది లెక్కలోకి రాదు. శ్రద్ధ ఉన్న అధికారులు కొన్నిచోట్ల ఇయర్ మఫ్‌లు ఇప్పిస్తూ ఉండవచ్చు, వారికి నా కృతజ్ఞతలు. కానీ అధికారి బదిలీ అయితే ఆగిపోయే ఏర్పాటును రక్షణ అనలేం.

అధికారులకు నిజాయితీగా కలిగే అభ్యంతరాలూ ఉన్నాయి. చెవులు మూసుకుంటే రేంజ్ ఆఫీసర్ ఆదేశాలు వినబడవు, ప్రమాదం జరుగుతుంది అన్నది వాటిలో బరువైనది. దీనికి రెండు మార్గాలున్నాయి. ఆదేశాన్ని గొంతుతో పాటు జెండాతో, విజిల్‌తో ఇవ్వడం ఒకటి. పేలుడును నొక్కేసి మామూలు మాటను పెంచి వినిపించే ఎలక్ట్రానిక్ మఫ్‌లు కొనడం రెండోది. ఇవి అందరికీ కాకపోయినా ఇన్‌స్ట్రక్టర్లకు ముందు ఇవ్వవచ్చు. నిజమైన ఎదురుకాల్పుల్లో చెవులు మూసుకొని నిలబడరు కదా, శిక్షణా అలాగే ఉండాలి అన్నది మరో మాట. ఎదురుకాల్పుల్లో తప్పనిసరై భరించాల్సిన నష్టాన్ని ప్రాక్టీసులో కూడా భరించమనడానికి అది కారణం కాలేదు. సిబ్బందిలో అత్యధికులు ఉద్యోగంలో పేల్చే తూటాల్లో దాదాపు అన్నీ రేంజ్‌లో పేలేవే. ఇంకో సంగతి, మోతకు బెదిరి ట్రిగ్గర్ నొక్కేముందే కన్నార్పడం, భుజం అదరడం గురి తప్పడానికి ముఖ్య కారణాలు. చెవి మూస్తే గురి కుదురుతుంది. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నిబంధనలు ఫైరింగ్ లైన్ దగ్గరున్న క్రీడాకారులు, అధికారులు అందరూ చెవి రక్షణ వాడాలని గట్టిగా చెబుతాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఏ హంగూ లేకుండా ఒక చెయ్యి జేబులో పెట్టుకొని ఎయిర్ పిస్టల్ కాల్చాడంటూ ఒక టర్కీ షూటర్ ఫొటో మనవాళ్ల ఫోన్లన్నింటిలో తిరిగింది. ఆయన చెవుల్లో ఇయర్ ప్లగ్‌లు ఉన్నాయి. ఎయిర్ పిస్టల్‌కే అంత జాగ్రత్త అవసరమైతే ఇన్సాస్‌కు ఎంత ఉండాలి?

ఖర్చు సంగతి పెద్దది కాదు. ఒక మనిషి ఒక ప్రాక్టీసులో కాల్చే తూటాల విలువ ముందు జత ఫోమ్ ప్లగ్‌ల ధర చాలా స్వల్పం. అయితే కొని పంచితే సరిపోదు, పెట్టుకోవడం నేర్పాలి. ఫోమ్ ప్లగ్‌ను వేళ్లతో సన్నగా నులిమి, రెండో చేత్తో తల మీదుగా చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి పట్టుకొని, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. సగం బయటికి కనిపించే ప్లగ్ పనిచేయనట్టే. మఫ్ ఒక్కటే పెట్టుకుంటే రైఫిల్‌కు చెంప ఆనించినప్పుడు బట్ తగిలి అంచు లేస్తుంది, కళ్లజోడు కాడల దగ్గర సందు పడుతుంది. అందుకే లోపల ప్లగ్, పైన మఫ్, రెండూ కలిపి వాడమని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఫైరింగ్ రేంజ్‌లకు సిఫారసు చేసింది.

హోరును కొలిచే యంత్రం లేదు, గాయంగా గుర్తిస్తే లేనివాళ్లూ ఉందంటారు అన్న భయం ఆర్థిక శాఖకు ఉండవచ్చు. ఉద్యోగంలో చేరిన రోజునే వినికిడి స్థాయిని గీతగా చూపే ఆడియోగ్రామ్ తీసి దాచితే ఆ భయం చాలావరకు తీరుతుంది. తర్వాతి పరీక్షల్లో 4000 హెర్ట్జ్ దగ్గర గీత లోయలా దిగితే శబ్దం చేసిన పని బయటపడుతుంది. మనిషి మీద హోరు ప్రభావాన్ని అంచనా కట్టడానికి 25 ప్రశ్నల పట్టిక ప్రపంచమంతా వాడుకలో ఉంది. గుసగుసగా మాట్లాడి వినబడిందా అని అడిగే పరీక్ష మాత్రం ఈ నష్టాన్ని పట్టుకోలేదు. ముందు కాపాడకపోతే తర్వాత ప్రభుత్వమే చెల్లించుకోవాల్సి వస్తుందనడానికి అమెరికా నిదర్శనం. అక్కడ మాజీ సైనికులకు పరిహారమిచ్చే సర్వీసు వైకల్యాల్లో మొదటి స్థానం టిన్నిటస్‌దే, ఆ పరిహారం అందుకునేవారు ఇరవై లక్షలకు పైమాటే. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెళ్ల నష్టం ఉంటేనే వినికిడి లోపం కింద లెక్క. హోరుతో నిద్రలేని మనిషికి అందులో చోటు లేదు. కాబట్టి సర్వీసు నిబంధనల్లోనే ఆ చోటు కల్పించాలి.

ఈ కారణాలన్నిటి రీత్యా కోరుతున్నవి ఇవి. ఫైరింగ్ లైన్ మీద, దాని వెనక ఉన్న ప్రతి ఒక్కరూ ప్లగ్, మఫ్ రెండూ పెట్టుకున్నారని రేంజ్ ఆఫీసర్ చూసి సంతకం చేశాకే కాల్పులు మొదలయ్యేలా లిఖితపూర్వక ఆదేశం ఇవ్వాలి. సరుకు కొనేటప్పుడు భారతీయ ప్రమాణం ఐఎస్ 9167ను గానీ అంతకు మించిన ప్రమాణాన్ని గానీ టెండర్లో రాయాలి. కొత్తగా చేరినవారందరికీ ఆడియోగ్రామ్, ఇన్‌స్ట్రక్టర్లకు, ఆర్మరర్లకు ఏటా మళ్లీ పరీక్ష జరపాలి. హైదరాబాద్ కోఠిలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రులు, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉండనే ఉన్నాయి, కొత్తగా కట్టాల్సింది లేదు. కాల్పుల తర్వాత హోరు వచ్చినా, చెవి మూసుకుపోయినట్టున్నా ఒక్క రోజులోగా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపాలి. స్టెరాయిడ్ లాంటి చికిత్స ఏదైనా పనిచేస్తే తొలి రోజుల్లోనే పనిచేస్తుంది. ఆ విషయం చెప్పుకున్నందుకు ప్రమోషన్‌కు అడ్డు ఉండదని అదే ఆదేశంలో రాయాలి. వినికిడి యంత్రం, కౌన్సెలింగ్ ఖర్చులను ఆరోగ్య భద్రత పథకం కిందికి తేవాలి, రిటైరైనవారికీ వర్తింపజేయాలి. ఎన్‌సీసీ పిల్లలు కాల్చే .22 రైఫిల్ మోత తక్కువే అయినా 140 డెసిబెళ్ల అంచున ఉంటుంది. పదమూడు, పద్నాలుగేళ్ల చెవులవి. వారికి ప్లగ్‌లు లేని రోజున ఫైరింగ్ వాయిదా వేయమని క్యాంప్ అధికారులకు స్పష్టంగా చెప్పాలి.

వీటిలో వెంటనే చేయగలిగింది మొదటిది. వచ్చే బ్యాచ్ ఫైరింగ్ మొదలయ్యేలోపు ఆ ఆదేశం వెలువరించి, మిగిలినవాటిపై తీసుకున్న నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
విధేయతతో,
ఒక పౌరుడు