చంద్రుని ముంగిట 17 నిమిషాలు

విజ్ఞాన వీచిక

పున్నమి చంద్రునిలోని మచ్చలో మన పెద్దలు కుందేలును చూశారు. శశాంకుడనే పేరు ఆ విధంగానే వచ్చింది. దూరదర్శిని చేతికి వచ్చిన తర్వాత పాశ్చాత్య ఖగోళ శాస్త్రజ్ఞులు ఆ మచ్చలనే సముద్రాలనుకొని, ఒకదానికి ప్రశాంత సముద్రమని, మరొకదానికి తుఫానుల మహాసముద్రమని పేర్లు పెట్టారు. అవి నీటి సముద్రాలు కావనీ, ఏనాడో పొంగిన లావా గడ్డకట్టగా ఏర్పడిన మైదానాలనీ తర్వాత తేలింది. పేర్లు మాత్రం అలాగే నిలిచిపోయాయి.

అయినప్పటికీ 1964 జులై వరకు మానవుడు ఎరిగినది దూరపు చంద్రుణ్ణే. భూమి మీది అత్యుత్తమమైన దూరదర్శినితో పరికించినా, మన వాతావరణంలోని చలనం వల్ల, కొన్ని వందల మీటర్ల కంటే చిన్నవైనవేవీ అక్కడ స్పష్టంగా కనిపించేవి కావు. ఒక పెద్ద కర్మాగారపు షెడ్డును అక్కడ నిలబెట్టినా దాన్ని మనం పోల్చుకోగలిగేవారం కాము. ఆ కొరతను తీర్చినది రేంజర్ అనే నౌకల వరుస. దాని కథను ఈ నెల మన ఉద్యోగుల, వారి కుటుంబ సభ్యుల ముందు ఉంచుతున్నాము. అది కేవలం విజయగాథ కాదు. ఆరు వైఫల్యాలను ఓపికగా పరిశీలించిన కథ.

నేల నిలుస్తుందా?

ఆ దశాబ్దం ముగిసేలోగా మనిషిని చంద్రునిపై దింపి క్షేమంగా తిరిగి తీసుకురావాలన్న లక్ష్యాన్ని 1961 మే 25న అమెరికా అధ్యక్షుడు కెనడీ తన దేశం ముందు ఉంచారు. వెంటనే తలెత్తిన ప్రశ్న చాలా సామాన్యమైనది: దిగబోయే చోట నేల ఎలా ఉంటుంది? కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గోల్డ్, చంద్రుని మైదానాలు లోతైన ధూళితో నిండి ఉండవచ్చునని వాదించేవారు. ఆ వాదం నిజమైతే దిగిన నౌక మనుషులతో సహా కూరుకుపోయే ప్రమాదం ఉంది. ధూళి లేకపోయినా, దూరదర్శినికి అందని చిన్న గుంటలూ బండరాళ్లూ ఎన్ని ఉన్నాయో ఎవరూ చెప్పలేని స్థితి.

సోవియట్ నౌక లూనా-2 1959 సెప్టెంబరులోనే చంద్రుణ్ణి తాకింది. మరుసటి నెలలో లూనా-3 చంద్రుని అవతలి ముఖాన్ని దూరం నుంచి చిత్రించింది. కాని దిగవలసిన నేలను దగ్గరగా చూసినవారు లేరు.

వేగాన్ని తగ్గించుకొని మెల్లగా దిగగల నౌక ఆనాటికి సిద్ధం కాలేదు. కనుక కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఉన్న జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజనీర్లు మరో మార్గం ఎంచుకున్నారు. నౌక నేరుగా చంద్రునికే గురిపెట్టి సాగాలి. ఢీకొనే క్షణం వరకు చిత్రాలు తీస్తూ, తీసినదాన్ని తీసినట్టే భూమికి పంపుతూ ఉండాలి. ఆ తర్వాత నౌక ఉండదు.

ఫిల్ము పనికిరాని చోట

మిగలని నౌకలో ఫిల్ము పెట్టి ప్రయోజనం లేదు. అందుచేత రేంజరులో ఆరు టెలివిజన్ కెమెరాలను అమర్చారు. కటకం గుండా వచ్చిన కాంతి ఒక ఫలకంపై విద్యుదావేశ రూపంలో చిత్రాన్ని ముద్రిస్తుంది. ఎలక్ట్రాన్ పుంజం ఆ ఫలకాన్ని వరుస వెంట వరుసగా చదువుతూ పోతుంది. ఆ చదువే రేడియో సంకేతమై భూమికి చేరుతుంది. పంపే ట్రాన్స్‌మిటరు శక్తి 60 వాట్లు. అంటే ఇంట్లో వెలిగే పాతకాలపు బల్బుకు సరిపోయేంత. సుమారు 3,80,000 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే ఆ బలహీన సంకేతాన్ని మోజావే ఎడారిలోని గోల్డ్‌స్టోన్ కేంద్రంలో పెద్ద యాంటెన్నాలు అందుకునేవి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చివరి క్షణాల్లో నౌక సెకనుకు 2.6 కిలోమీటర్ల వేగంతో పడుతుంటుంది. రెండు పెద్ద కెమెరాలలో ఒక్కో చిత్రాన్ని చదివి పంపడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. ఆలోగా నౌక ఆరున్నర కిలోమీటర్లు కిందికి వచ్చేస్తుంది. కనుక మిగిలిన నాలుగు కెమెరాలను ఫలకంలో కొద్ది భాగం మాత్రమే చదివేటట్లు, ఒక్కో చిత్రానికి సెకనులో అయిదో వంతు మాత్రమే తీసుకునేటట్లు రూపొందించారు. నేలకు అతి చేరువగా తీసిన చిత్రాలు వీటివే.

ఆరు వైఫల్యాలు

1961లో ప్రయోగించిన రేంజర్-1, రేంజర్-2 రాకెట్టు పై దశలోని లోపం వల్ల భూమి చుట్టూనే తిరిగి నశించాయి. 1962 జనవరిలో రేంజర్-3 గురి తప్పి చంద్రునికి సుమారు 36,800 కిలోమీటర్ల దూరం నుంచి సాగిపోయింది. ఏప్రిల్‌లో రేంజర్-4 చంద్రుని అవతలి వైపున కూలింది. చంద్రుణ్ణి చేరిన తొలి అమెరికన్ నౌక అదే అయినా, లోపలి యంత్రాంగం ముందే మూగబోవడంతో ఒక్క చిత్రమైనా పంపలేదు. అక్టోబరులో రేంజర్-5 విద్యుత్తు కోల్పోయి 725 కిలోమీటర్ల దూరంలో తప్పిపోయింది.

విచారణ సంఘం ఏర్పడింది. ప్రాజెక్టు అధిపతి మారారు. భూమి మీది సూక్ష్మజీవులు చంద్రునికి చేరకూడదన్న సదుద్దేశంతో నౌక భాగాలను 125 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలపాటు వేడిలో ఉంచేవారు. సున్నితమైన ఎలక్ట్రానిక్ భాగాలను ఆ వేడి బలహీనపరుస్తున్నదన్న అనుమానంతో ఆ పద్ధతిని విరమించారు. పరీక్షలు పెంచారు.

1964 జనవరి 30న బయలుదేరిన రేంజర్-6 ప్రయాణం అక్షరాలా నిర్దుష్టం. ఫిబ్రవరి 2న అది ప్రశాంత సముద్రంలో, ఉద్దేశించిన చోటికి చాలా చేరువగా పడింది. కాని కెమెరాలు తెరుచుకోలేదు. కేంద్రంలో గుమికూడిన ఇంజనీర్లూ పత్రికా విలేఖరులూ తొలి చిత్రం కోసం నిమిషాలు లెక్కిస్తూ ఉండగానే నౌక నేలను తాకింది. గమ్యం చేరిన నౌక గుడ్డిదై చేరడం కంటే బాధాకరమైనది మరొకటి ఉండదు. కార్యక్రమాన్నే రద్దు చేయాలన్న మాటలు వినిపించాయి.

కారణాన్ని వెదకినవారు చివరి క్షణాల వద్ద ఆగలేదు. ప్రయోగపు తొలి నిమిషాల రికార్డులకు వెళ్లారు. రాకెట్టు లేచిన సుమారు రెండు నిమిషాలకు, ఎవరూ ఆదేశించకుండానే, కెమెరా వ్యవస్థ 67 సెకన్లపాటు పనిచేసినట్లు అక్కడ నమోదై ఉంది. అంత ఎత్తున గాలి పలుచగా ఉంటుంది. పలుచని గాలిలో అధిక వోల్టేజి సులువుగా నిప్పురవ్వలై దూకుతుంది. అలా కెమెరాల విద్యుత్ వ్యవస్థ మాడిపోయింది. వాడిన ఇంజన్లను రాకెట్టు వదిలించుకునే వేళ మిగిలిన ఇంధనం భగ్గుమని, ఆ జ్వాల ఒక ప్లగ్గులోని పిన్నులను తాకి వలయాన్ని కలిపిందన్నది చివరకు తేలిన కారణం. రెండున్నర రోజుల ప్రయాణం ఒక ప్లగ్గు దగ్గర ఓడిపోయింది.

తదుపరి నౌకలో, పైకి లేచే దశలో కెమెరాలకు ఆదేశం అందినా అవి పనిచేయకుండా వలయాన్ని మార్చారు. తనిఖీలు మరింత కఠినమయ్యాయి. ఆ తనిఖీల్లో, సీలు వేసి సిద్ధంగా ఉంచిన ఒక ఎలక్ట్రానిక్ పెట్టెలో మరలు ఉన్న చిన్న ప్లాస్టిక్ సంచి బయటపడింది. యంత్రాల మధ్య పనిచేసేవారికి ఆ సంచి అర్థం వివరించనక్కరలేదు.

తెలిసిన సముద్రం

రేంజర్-7 1964 జులై 28న బయలుదేరింది. ఉద్వేగం తగ్గడానికి ఒక ఇంజనీరు తన సహచరులకు వేరుశనగ గింజలు పంచారు. కీలక ఘట్టాలలో వేరుశనగలు పంచడం ఆ సంస్థలో నేటికీ ఆచారంగా మిగిలింది. జులై 31న, మన కాలమానం ప్రకారం సాయంత్రం 6 గంటల 38 నిమిషాలకు, 2,100 కిలోమీటర్ల ఎత్తు నుంచి తొలి చిత్రం వెలువడింది. తర్వాతి 17 నిమిషాలలో 4,300కు పైగా చిత్రాలు వచ్చాయి. 6 గంటల 55 నిమిషాలకు సంకేతం ఆగింది. కేంద్రంలో హర్షధ్వానాలు మిన్నుముట్టాయి. సంకేతం ఆగిపోవడమే విజయానికి గుర్తు కావడం ఇటువంటి ప్రయోగాలలోనే సాధ్యం.

చివరి చిత్రాలలో అర మీటరు వెడల్పు గల వివరాలు కూడా తెలిశాయి. దూరదర్శిని చూపిన దానికంటే అది సుమారు వెయ్యి రెట్లు మేలు. బిలాలలో బిలాలు, వాటిలో మరీ చిన్న గుంటలు, వాటి అంచులు అరిగి గుండ్రబడి ఉన్నాయి. మైదానాలు దిగడానికి అనువుగానే తోచాయి. నౌక పడిన ప్రాంతానికి ఆ ఏడాదే 'తెలిసిన సముద్రం' అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టారు.

1965 ఫిబ్రవరిలో రేంజర్-8 ప్రశాంత సముద్రాన్ని 7,137 చిత్రాలలో చూపింది. నాలుగేళ్ల తర్వాత అపోలో-11 దిగినది ఆ సముద్రంలోనే. 1965 మార్చి 24న రేంజర్-9 అల్ఫాన్సస్ బిలంలో పడుతూ పంపిన దృశ్యాలను అమెరికా ప్రజలు తమ ఇళ్లలోని టెలివిజన్లలో అప్పటికప్పుడే చూశారు. అయితే చిత్రం నేల రూపును చూపగలదు గాని, దాని గట్టిదనాన్ని కొలవలేదు. ఆ సందేహం తీరడానికి 1966లో లూనా-9, సర్వేయర్-1 మెల్లగా దిగి, కూరుకుపోకుండా నిలవవలసి వచ్చింది.

మన తోవ

ఢీకొంటూ చూసే ఈ పద్ధతిని 44 ఏళ్ల తర్వాత మన దేశమూ అనుసరించింది. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-1 నుంచి, నవంబరు 14న 34 కిలోల పరికరం ఒకటి త్రివర్ణ పతాక చిహ్నాన్ని ధరించి విడివడింది. 25 నిమిషాలపాటు కెమెరాతో చిత్రిస్తూ, చుట్టూ ఉన్న అతి పలుచని వాయువులను కొలుస్తూ, దక్షిణ ధ్రువ ప్రాంతంలో పడింది. చంద్రయాన్ సందేశాలను అందుకోవడానికి బెంగళూరు సమీపంలోని బ్యాలాలులో నెలకొల్పిన 32 మీటర్ల యాంటెన్నాను హైదరాబాదులోని ప్రభుత్వ రంగ సంస్థ ఇ.సి.ఐ.ఎల్. నిర్మించిందన్నది మనబోటివారు గర్వించదగిన సంగతి.

2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 లోని విక్రమ్ మెల్లగా దిగబోయి కూలిపోయినప్పుడు, మన శాస్త్రవేత్తలూ రికార్డుల దగ్గరే కూర్చున్నారు. కాళ్లకు బలం చేకూర్చారు, ఇంధనం పెంచారు, దిగదగిన స్థలాన్ని విశాలం చేశారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 క్షేమంగా దిగింది. రేంజర్-6 నుంచి రేంజర్-7కు నడిచిన తోవ కూడా ఇటువంటిదే.

వైఫల్యానికి బాధ్యుణ్ణి వెదకడం సులభం. కారణాన్ని వెదకడం కష్టం. మొదటిది జరిగిన చోట పని ఆగిపోతుంది. రెండవది జరిగిన చోట తర్వాతి యంత్రం మెరుగవుతుంది. తిరిగి రాని నౌకను మరమ్మతు చేయడం ఎవరి తరమూ కాదు. కనుక దాని ప్రతి మరనూ, ప్రతి పిన్నునూ భూమి మీదనే సరిచూసి పంపాలి. మన షాపులలో తనిఖీ పత్రంపై సంతకం చేసే చేయి కూడా ఆ పనిలోనిదే.

రేంజర్-7 పంపిన చిట్టచివరి చిత్రం నేటికీ భద్రంగా ఉంది. అది సగంలో ఆగిన చిత్రం. ఒక వైపు చంద్రుని నేల. రెండవ వైపు, నౌక లేకుండా పోయిన తర్వాత గ్రాహకంలో మిగిలిన ఉత్త రొద. ఆ రెండింటి మధ్య గీత వరకు ఆ యంత్రం తనకు అప్పగించిన పని చేస్తూనే ఉంది.