అప్పే నేరమైతే అంబేద్కరూ అనర్హుడే!

బ్యాంకులో గుమాస్తా కొలువుకు ఇప్పుడు డిగ్రీ కాగితం, కులం కాగితం చాలవు. సిబిల్ స్కోరు కూడా చూస్తరు. మన అప్పుల చరిత్రకు 300 నుంచి 900 దాకా వేసే మార్కులివి. అప్పు గానీ, క్రెడిట్ కార్డు బాకీ గానీ కట్టనట్టు రికార్డులో ఉంటే అనర్హులని స్టేట్ బ్యాంక్ తన నోటిఫికేషన్లలోనే రాస్తున్నది. పరీక్ష గెలిచి, ఆర్డరు చేతికొచ్చిన ఒకతని ఉద్యోగాన్ని ఈ నిబంధన కిందే రద్దు చేసిన్రు. బాకీలన్నీ తీర్చేశానని అతను మొత్తుకున్నా, బ్యాంకు చేసింది సబబేనని 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. ప్రజల సొమ్ము ముట్టుకునేవాళ్ళకు ఆర్థిక క్రమశిక్షణ ఉండాలట.

ఉండాల్సిందే. మేం అడిగేది ఒకటే. ఆ అప్పు ఎందుకైందో ఎవరన్నా అడిగిన్రా?

మన వాడల్లో అప్పు జల్సాకు పుట్టదు. తాత తెచ్చిన నాగు గింజలకు తండ్రి దొర దగ్గర జీతం ఉన్నడు. ఆ వెట్టి బాకీలను 1976 చట్టం కాగితం మీద కొట్టేసింది. ఇప్పుడు కొడుకు చదువే అప్పయింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తామన్న సర్కారే బాకీ పడ్డది. ఆ బకాయిల కోసం 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బందే పెట్టినై. ఫీజు కడితేనే సర్టిఫికెట్ అంటే పిల్లోడు ఏం జేస్తడు? ఫోన్‌లో దొరికే అప్పు తీసుకుంటడు. కిస్తు తప్పుతది. బాకీ పడ్డ సర్కారుకు స్కోరు లేదు, పిల్లోనికి ఉంది!

బాకీ తీర్చేసి, అప్పిచ్చినోళ్ళ దగ్గర కాగితం తెస్తే ఉద్యోగంలో చేర్చుకుంటామని బ్యాంకులు ఇప్పుడు చెప్పుకొస్తున్నయి. అంటే, జీతం రాకముందే బాకీ కట్టు, ఆ తర్వాతే జీతమొచ్చే కొలువిస్తాం అని! ఎస్సీలకు వయసులో 5 ఏండ్లు సడలించే నోటిఫికేషనే, అప్పు కాడికొచ్చేసరికి అందరినీ ఒకే కాటాలో తూస్తున్నది.

అమెరికాలో సర్కారు రహస్యాలు చూసే ఉద్యోగులకు సెక్యూరిటీ క్లియరెన్స్ ఇచ్చేముందు వాళ్ళ అప్పులూ వెతుకుతరు. అప్పుల్లో మునిగినోడు రహస్యాలు అమ్ముకుంటడేమోనని భయం. అయినా 2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో ఇంకో మాట కూడా ఉంది. ఉద్యోగం పోయో, జబ్బు చేసో, ఇంట్లో చావు జరిగో అప్పు పెరిగి, మనిషి బాధ్యతగా నడుచుకుంటే, దాన్ని అతనికి అనుకూలంగానే చూడాలె. నిజాయితీగా వాయిదాలు కడుతున్నా అంతే. నల్లవాళ్ళకు అమెరికా న్యాయం చేసిందని మేం అనం. కానీ దేశ రహస్యాలు అప్పగించేకాడ వినే మాట, చెక్కులు తీసుకునే కౌంటరు కాడ ఎందుకు వినరు?

పైనున్నోళ్ళ సంగతి చూడండి. 2016 మార్చిలో దేశం దాటిపోయిననాడు విజయ్ మాల్యా రాజ్యసభ సభ్యుడే. స్టేట్ బ్యాంక్ పెద్దగా ఉన్న బ్యాంకుల గుంపుకు ఆయన విమాన కంపెనీ బాకీ దాదాపు 9 వేల కోట్లు. చట్టాలు చేసే సభలో కూర్చోను ఏ స్కోరూ అడ్డం రాలేదు.

మన అంబేద్కర్ అప్పు సంగతి? బరోడా స్కాలర్‌షిప్ మీద చదివి, 10 ఏండ్లు అక్కడ కొలువు చేస్తానని ఒప్పుకున్నడు. 1917లో చేరితే అంటరానోడని సత్రంలోంచి వెళ్ళగొట్టిన్రు. కొలువు విడిచిపోక తప్పలేదు. అయినా చదివించిన డబ్బు కట్టమన్నది సంస్థానం! ఆగిన చదువు కోసం మిత్రుడు నావల్ భతేనా దగ్గర 5 వేలు అప్పు చేసి 1920లో లండన్ పోయిండు. ఆ చదువులోంచే 1923లో రూపాయి సమస్య మీద గ్రంథం వచ్చింది. దేశ ద్రవ్య విధానం మీద హిల్టన్ యంగ్ కమిషన్ ఆయన సాక్ష్యం తీసుకున్నది. ఇవాళ్టి కాటాలో ఆయన గుమాస్తా కొలువుకు కూడా తూగడు!

అందుకే మా డిమాండ్లు. బాకీ ఉందని కొలువు ఆపేముందు కారణం వినాలె. చేరినంక జీతంలోంచి వాయిదాల్లో కట్టే వీలు ఇయ్యాలె. సర్కారు బకాయి వల్ల పడ్డ అప్పును పిల్లల మీద రాయొద్దు. రిజర్వేషన్ భిక్ష కాదు, హక్కు. దాన్ని స్కోరు పేరుతో దొడ్డిదారిన గుంజుకుంటే ఊరుకోం.

జై భీం!