మన పంటలు తృణమా?

పాఠ్యపుస్తకంలో వరి ధాన్యం. మన సామలు, చోళ్లు, కొర్రలు తృణధాన్యాలు. తృణమంటే గడ్డి. ఆ మాటకొస్తే వరి, గోధుమ, మొక్కజొన్న కూడా గడ్డి కుటుంబానివే. వృక్షశాస్త్రం అన్నిటినీ ఒకే ఇంట కూర్చోబెడితే, చులకన మన గింజకే ఎందుకు? 2018లో ప్రభుత్వం వీటిని పోషక ధాన్యాలంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పేరు మారింది గాని బడిలో చూపు మారలేదు. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. తెల్ల బియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు.

చోడిలో కంది కలిపి చల్లడం తెలియనితనమనే వాళ్లున్నారు. చోడికి పీచువేరు, పైమట్టిలోనే ఎక్కువగా పాకుతుంది. కందికి తల్లివేరు, లోతుకు దిగుతుంది. కంది వేరు బుడిపెల్లోని రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. చోడి కోసేశాక కూడా కంది చేనులో నిలిచే ఉంటుంది. ఒక పంట దెబ్బతిన్నా రెండోది కూడు పెడుతుంది. ఇది శాస్త్రం కాకపోతే మరేది శాస్త్రం?

ఉపాధ్యాయులారా, వేర్ల పాఠాన్ని బొమ్మతో సరిపెట్టకండి. పిల్లల్ని చేనుకు తీసుకెళ్లి చోడి మొక్కను, కంది మొక్కను పీకి పక్కపక్కన పెట్టి చూపండి. యువతీ యువకులారా, ఇంట్లో విత్తనాల సొరబుర్ర ఖాళీ కాకముందే ప్రతి గింజ పేరూ అవ్వనడిగి మన భాషలో రాసుకోండి. మనం రాయకపోతే, పుస్తకం పెట్టిన పేరే మన పిల్లలకు మిగులుతుంది.