పంది పాలలోని కొవ్వు: గేదె కొలమానం చెల్లదు

పాలలో వెన్న శాతం అనగానే తెలుగునాట పాడి గేదె, పచ్చిమేత, పాల సేకరణ కేంద్రం స్ఫురిస్తాయి. విస్తరణ పాఠాలు కూడా చాలావరకు ఆ కొలమానంతోనే సాగుతున్నాయి. అదే పాఠాన్ని పందుల పెంపకందారునికి బోధించడం శాస్త్రసమ్మతం కాదు.

నెమరువేసే పశువుల పొదుగులో కొత్తగా తయారయ్యే కొవ్వుకు ప్రధాన ముడిసరుకు, రూమెన్‌లో పీచు పులిసినప్పుడు వెలువడే ఎసిటేట్. ఒకే పొట్ట గల పందిలో ఆ స్థానం గ్లూకోజుది. క్షీరగ్రంథి కణాలలో గ్లూకోజు పైరువేటుగా, మైటోకాండ్రియాలో సిట్రేటుగా మారుతుంది. ఆ సిట్రేటు కణద్రవ్యంలోకి వచ్చి, విడిపోయి, అసిటైల్ కో-ఎ నిస్తుంది. దాని నుంచి పామిటిక్ వంటి కొవ్వు ఆమ్లాలు నిర్మితమవుతాయి. మిగిలిన ఆమ్లాలు రక్తంలోని లైపోప్రోటీన్ల నుంచి లభిస్తాయి. ఇవన్నీ అంతర్జీవ ద్రవ్యజాలంలో ట్రైగ్లిజరైడ్లుగా కూడి, పొర కప్పుకొన్న గోళికలుగా పాలలో చేరుతాయి. గేదె పాలలో ఉండే బ్యూటిరిక్ ఆమ్లం పంది పాలలో దాదాపు కానరాదు.

ఈ భేదం పరీక్షలో వ్రాసి మరచేది కాదు. అప్పుడే పుట్టిన పంది పిల్ల దేహంలో కొవ్వు సుమారు 1 నుంచి 2 శాతమే. వేడినిచ్చే గోధుమవర్ణపు కొవ్వు దానికి లేదు. చలిని తట్టుకొని బ్రతకడానికి తల్లి పాలే ఆధారం. ఆ పాలలో కొవ్వు సుమారు 6 నుంచి 8 శాతం ఉంటుంది.

ఇక్కడ మరొక ప్రమాదం పొంచి ఉంది. మేత చాలనప్పుడు తల్లి పంది తన వెన్ను కొవ్వును కరిగించి పాలకు సమకూరుస్తుంది. పాలు చిక్కగానే ఉంటాయి, తల్లి మాత్రం చిక్కిపోతుంది. పిల్లలను వేరుచేశాక అది ఎదకు రావడం ఆలస్యమవుతుంది. కనుక పాలలోని కొవ్వును మాత్రమే చూసి మేపు సరిపోయిందని తీర్పు చెప్పరాదు. తల్లి దేహస్థితిని కూడా పరిశీలించాలి.

పెంపకందారునికి చెప్పవలసింది పీచు పెంచమని కాదు. మొక్కజొన్న, నూకలు వంటి పిండిపదార్థాలు గల గింజలు, నూనె తీయని తాజా తవుడు, తగినన్ని మాంసకృత్తులు అందించమని చెప్పాలి. ముక్కిపోయిన తవుడు వాడవద్దని హెచ్చరించాలి.

వ్యవసాయ విద్యార్థికి గింజలోని పిండిపదార్థం దిగుబడి లెక్కగా తెలుసు. అది క్షీరగ్రంథిలో కొవ్వుగా మారే మార్గం మాత్రం పశువైద్య కళాశాల గోడ దాటి రావడం లేదు. పందులపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకానికి తిరుపతిలోనే కేంద్రం నెలకొన్నప్పటికీ ఈ దూరం కొనసాగడం విచారకరం. పంట శాస్త్రం, పశుపోషణ శాస్త్రం ఒకే పాఠ్యాంశంలో కలిసినప్పుడే విస్తరణ శాస్త్రవేత్త మాట రైతు కొట్టంలో నిలుస్తుంది.